హైకూ డెస్క్‌టాప్: పెన్‌డ్రైవ్ నుంచి ప్యాచ్ దాకా నా అనుభవం

హైకూ లినక్స్ పంపిణీల్లో ఒకటి కాదు. దాని కెర్నెల్ వేరు, విండోలు గీసే సర్వర్ వేరు, ఫైల్ సిస్టమ్ వేరు. 1990లలో బీ అనే కంపెనీ తయారుచేసిన బీఓఎస్‌కు ఇది ఓపెన్ సోర్స్ వారసుడు. 2001లో బీ ఆస్తులను పామ్ అనే కంపెనీ కొనేసింది. ఆ ఏడాదే కొందరు ప్రోగ్రామర్లు ఓపెన్‌బీఓఎస్ పేరుతో అదే వ్యవస్థను మొదటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. 2004లో పేరు హైకూ అయింది. మొదటి ఆల్ఫా 2009లో, మొదటి బీటా 2018లో, ఐదో బీటా 2024 సెప్టెంబర్‌లో వచ్చాయి. కోడ్‌లో చాలా భాగం ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది.

ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌కు ఏదైనా చేయాలనుకునేవాళ్లకు నేను దీన్నే ముందుగా చెప్పడానికి కారణం ఒకటుంది. కెర్నెల్, డ్రైవర్లు, విండోలు గీసే యాప్ సర్వర్, ట్రాకర్ అనే ఫైల్ మేనేజర్, డెస్క్‌బార్, సెట్టింగ్స్ విండోలు, చిన్న టెక్స్ట్ ఎడిటర్‌తో సహా అన్నీ ఒకే రిపాజిటరీలో, అంటే ఒకే కోడ్ నిల్వలో ఉంటాయి. వేరేచోట ఒక బటన్ మీద అక్షరాలు తెగిపోతే ఆ తప్పు టూల్‌కిట్‌దా, థీమ్‌దా, అప్లికేషన్‌దా, పంపిణీ చేసినవాళ్లదా అని తేల్చుకోవడానికే బోలెడు సమయం పోతుంది. ఇక్కడ ఆ బటన్ మీది మాటను సోర్స్‌లో వెతికితే ఫైలు దొరుకుతుంది. దాన్ని మార్చి, బిల్డ్ చేసి, అదే మెషీన్ మీద నడిపి చూడొచ్చు. వాడేవాడికీ బాగుచేసేవాడికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న డెస్క్‌టాప్ నాకు మరొకటి కనిపించలేదు.

ఏ ఇమేజ్ తీసుకోవాలి

32 బిట్, 64 బిట్ అని రెండు ఉంటాయి. 32 బిట్ ఇమేజ్‌లో పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడుస్తాయి. అందుకోసం దాన్ని పాత కంపైలర్ జీసీసీ 2.95తోనూ కొత్త జీసీసీతోనూ కలిపి బిల్డ్ చేస్తారు. 64 బిట్‌లో ఆ పాత అనుకూలత లేదు, కొత్త అప్లికేషన్లు మాత్రం ఎక్కువగా దొరుకుతాయి. పాత ప్రోగ్రాముల అవసరం లేకపోతే 64 బిట్టే మేలు. కనీస అవసరం 384 ఎంబీ మెమరీ, 3 జీబీ డిస్క్. సుఖంగా వాడాలంటే 2 జీబీ మెమరీ, 16 జీబీ డిస్క్.

రోజువారీ వాడకానికి బీటా, బగ్ రిపోర్టుకు నైట్లీ (తాజా కోడ్‌తో ఎప్పటికప్పుడు తయారయ్యే ఇమేజ్) అన్నది నేను పెట్టుకున్న నియమం. బీటాలో కనిపించిన లోపం ఈపాటికే సరిచేసి ఉండొచ్చు. నైట్లీ ఇమేజ్‌లో కూడా కనిపిస్తేనే టికెట్ తెరవడంలో, అంటే లోపాన్ని నమోదు చేయడంలో అర్థముంటుంది.

ఇమేజ్ పేరులో ఎనీబూట్ అని ఉంటుంది. ఒకే ఫైలు డీవీడీకీ పెన్‌డ్రైవ్‌కూ వర్చువల్ మెషీన్‌కూ పనికొస్తుంది. దించుకున్నాక ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య సరిచూసుకోవాలి, సగంలో పాడైన ఫైలుతో వచ్చే లోపాలు అర్థంపర్థం లేకుండా ఉంటాయి. పెన్‌డ్రైవ్‌కు ఉన్నదున్నట్టుగా, బైట్ల వరుస చెదరకుండా రాయాలి. లినక్స్‌లో డీడీ కమాండ్ వాడితే గమ్యం ఎస్‌డీబీ లాంటి మొత్తం డిస్క్ కావాలి, ఎస్‌డీబీ1 లాంటి పార్టిషన్ కాకూడదు. అక్షరం తారుమారైతే మరో డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టకముందూ పెట్టాకా డిస్కుల జాబితా చూసి పోల్చుకోవాలి. విండోస్‌లో రూఫస్ వాడేవాళ్లు ఐఎస్ఓ మోడ్ వదిలి డీడీ మోడ్ ఎంచుకోవాలి. ఐఎస్ఓ మోడ్ ఫైళ్లను విప్పి ఫ్యాట్ పార్టిషన్‌లో పోస్తుంది, హైకూ బూట్ లోడర్ వెతికే బీఎఫ్‌ఎస్ (హైకూ సొంత ఫైల్ సిస్టమ్) పార్టిషన్ అక్కడ ఉండనే ఉండదు.

పెన్‌డ్రైవ్ మీద హైకూ నడిచేటప్పుడు చేసిన మార్పులు అందులోనే నిలుస్తాయి. వైఫై పాస్‌వర్డ్, సెట్టింగులు తర్వాతి బూట్‌కు పోవు. ఇమేజ్‌లో ఖాళీ జాగా మాత్రం తక్కువ, పెద్ద అప్లికేషన్లు రెండు మూడు వేస్తే నిండిపోతుంది.

బూట్ కాకపోతే

యూఈఎఫ్‌ఐ (కొత్త మెషీన్లలో బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపకపోతే లోడర్ మొదలవదు. అది దాటాక తెర మీద ఏడు బొమ్మలు వరుసగా వెలుగుతాయి, ఏడోది రాకెట్. ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి సమస్య ఏమిటో చాలావరకు ఊహించవచ్చు. నాలుగోదైన డిస్క్ బొమ్మ దగ్గర ఆగితే కెర్నెల్ బూట్ డిస్క్‌ను కనుక్కోలేకపోతోందని అర్థం. పెన్‌డ్రైవ్ విషయంలో ఇది చాలాసార్లు యూఎస్‌బీ కంట్రోలర్ గొడవే. పెన్‌డ్రైవ్‌ను వేరే పోర్టులోకి, వీలైతే యూఎస్‌బీ 2 పోర్టులోకి మార్చి చూడాలి. రాకెట్ కూడా వెలిగి ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను.

బూట్ లోడర్ మెనూ కోసం పాత బయోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, యూఈఎఫ్‌ఐలో స్పేస్ కీ నొక్కుతూ ఉండాలి. మెనూలో ఫెయిల్‌సేఫ్ గ్రాఫిక్స్ డ్రైవర్, ఐఓ-ఏపిక్ ఆపడం లాంటి ఆప్షన్లు ఉంటాయి. అన్నీ ఒకేసారి పెట్టేస్తే బూట్ అవ్వొచ్చు. కానీ వాటిలో దేనివల్ల అయిందో తెలియదు, డెవలపర్లకు కావలసిన సమాచారం అదే. ఒక్కొక్కటే పెట్టి, రీబూట్ చేసి, ఫలితం రాసుకోవాలి. డీబగ్ ఆప్షన్లలో లాగ్‌ను తెర మీద చూపించేది ఒకటుంది. అది పెట్టి చివరి తెర ఫోటో తీసుకుంటే టికెట్‌కు సగం సరుకు దొరికినట్టే. ముందటి సెషన్ సిస్‌లాగ్‌ను, అంటే సిస్టమ్ లాగ్‌ను ఫైలుగా దాచుకునే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. తెర ఆరిపోయే మెషీన్లలో అదే దిక్కు.

కొన్నిసార్లు తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలతో కెర్నెల్ డీబగ్గర్ వచ్చి నిలబడుతుంది. భయపడి వెంటనే పవర్ తీసేయకండి. బీటీ అని టైప్ చేస్తే ఆ క్షణాన నడుస్తున్న ఫంక్షన్ల వరుస, అంటే బ్యాక్‌ట్రేస్ వస్తుంది. దాన్ని ఫోటో తీయాలి. కంటిన్యూ కోసం సీఓ, లేదంటే రీబూట్. యూఎస్‌బీ కీబోర్డ్ ఆ దశలో పలకకపోవచ్చు, ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ పనిచేసే అవకాశం ఎక్కువ.

డెస్క్‌టాప్ వచ్చాక

మొదట చేతులకు తగిలే తేడా కీబోర్డే. కాపీ, పేస్ట్ లాంటి షార్ట్‌కట్లు కంట్రోల్‌తో కాకుండా ఆల్ట్‌తో పనిచేస్తాయి. కీమ్యాప్ సెట్టింగుల్లో విండోస్/లినక్స్ మోడ్‌కు మార్చుకునే బటన్ ఉంది. కానీ కోడ్ రాయాలనుకునేవాళ్లు ఆల్ట్‌కే అలవాటు పడటం మంచిదని నా అభిప్రాయం, టెర్మినల్‌లో కంట్రోల్-సీకీ కాపీకీ పోటీ ఉండదు.

స్క్రీన్ సెట్టింగుల్లో ఒకే ఒక్క రిజల్యూషన్ కనబడితే సొంత గ్రాఫిక్స్ డ్రైవర్ దొరక్క ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్ మీద నడుస్తోందని తెలుసుకోవాలి. అప్పుడు రిజల్యూషన్‌ను బూట్ లోడర్ మెనూలోనే ఎంచుకోవాలి, డెస్క్‌టాప్ వచ్చాక మారదు. త్రీడీ హార్డ్‌వేర్ వేగం లేదు. ఓపెన్‌జీఎల్ అంతా ప్రాసెసర్ మీదే మెసా సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌తో నడుస్తుంది. ఆటల కోసం వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

వైఫై డ్రైవర్లలో చాలావాటిని ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ నుంచి ఒక అనుకూలత పొర ద్వారా తెచ్చారు. కార్డ్ కనబడకపోతే టెర్మినల్‌లో లిస్ట్‌డెవ్ కమాండ్ ఇచ్చి ఆ పరికరం తయారీ, మోడల్ సంఖ్యలు రాసుకోవాలి. కొన్ని పాత చిప్‌లకు ఫర్మ్‌వేర్‌ను పంచే అనుమతి లేనందున విడిగా దించుకోవాలి. దానికోసం ఇన్‌స్టాల్-వైఫై-ఫర్మ్‌వేర్స్ అనే స్క్రిప్ట్ ఉంది, దాన్ని నడపడానికి తాత్కాలికంగా కేబుల్ నెట్ కావాలి.

మన లిపి సంగతి కూడా చెప్పాలి. తెలుగు ఫాంట్ ఉన్నా హైకూ సొంత అప్లికేషన్లలో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూడవు. యాప్ సర్వర్ అక్షరానికొక గ్లిఫ్ చొప్పున గీస్తుంది, సంయుక్తాక్షరాలను కలిపే షేపింగ్ దశ అందులో లేదు. క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన అప్లికేషన్లు ఆ పని సొంతంగా చేసుకుంటాయి కాబట్టి వాటిలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. భారతీయ లిపులన్నిటికీ మేలు చేసే పెద్ద పని ఇక్కడ ఇంకా మిగిలే ఉంది. మొదటి ప్యాచ్‌గా, అంటే కోడ్‌కు పంపే మొదటి మార్పుగా తలకెత్తుకోదగ్గది మాత్రం కాదు.

డిస్క్ మీద వేయడం

ఇన్‌స్టాలర్ తేలిక, దాని ముందరి పార్టిషన్ పనే అసలు జాగ్రత్త. డ్రైవ్‌సెటప్ పక్కనున్న విండోస్, లినక్స్ పార్టిషన్లను కుదించదు. ఖాళీ జాగా ఆ వ్యవస్థల్లోంచే ముందు సిద్ధం చేసుకోవాలి. కొత్త పార్టిషన్‌ను బీ ఫైల్ సిస్టమ్‌గా ఇనిషియలైజ్ చేసేటప్పుడు బ్లాక్ సైజు 2048 బైట్లు అలాగే వదిలేయండి. క్వెరీ సపోర్ట్ టిక్ తీయొద్దు, దాని సంగతి కింద చెబుతాను.

ఇన్‌స్టాలర్ ఫైళ్లన్నీ కాపీ చేసి పని పూర్తయిందంటుంది, రీబూట్ చేస్తే హైకూ జాడ ఉండదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌కు బీఎఫ్‌ఎస్ చదవడం రాదు, ఫ్యాట్‌లో ఉన్న ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఒక్కటే తెలుసు. అందుకని పెన్‌డ్రైవ్‌లోని హైకూ ఈఎస్‌పీ అనే చిన్న వాల్యూమ్‌ను మౌంట్ చేసి, అందులోని బూట్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్‌ఐ ఫైలును మెషీన్ డిస్క్ మీది ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకి కాపీ చేయాలి. డిస్క్ మొత్తం హైకూదే అయితే ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో పెడితే చాలు. వేరే వ్యవస్థ కూడా ఉంటే ఆ స్థానంలో ఉన్న ఫైలు మీద రాయొద్దు. హైకూ అని కొత్త ఫోల్డర్ చేసి అందులో పెట్టి, లినక్స్‌లోంచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో బూట్ ఎంట్రీ చేర్చుకోవాలి, లేదా రీఫైండ్ లాంటి బూట్ మెనూ వాడాలి.

క్వెరీ సంగతి. బీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ పేరు, తేదీలతోపాటు మనకు నచ్చిన అట్రిబ్యూట్లు జోడించవచ్చు, కావలసినవాటికి ఇండెక్స్ పెట్టుకోవచ్చు. ఒక్కో ఈమెయిల్ ఒక్కో ఫైలు, పంపినవారు, విషయం అనేవి దాని అట్రిబ్యూట్లు. చదవని ఉత్తరాలు చూపమంటే డేటాబేస్‌ను అడిగినట్టు ట్రాకర్ వెంటనే చూపిస్తుంది, కొత్త ఉత్తరం రాగానే ఆ తెరిచి ఉన్న విండోలోనే చేరుతుంది. ఈ అట్రిబ్యూట్లు ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కు కాపీ చేస్తే రాలిపోతాయి. బయటికి తీసుకెళ్లాలంటే హైకూలోనే జిప్ చేయాలి, ఆ జిప్ వాటిని దాచుకుంటుంది.

సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఫైలు కాపీ చేయబోతే అది రీడ్ ఓన్లీ అంటుంది. ఇది లోపం కాదు. హెచ్‌పీకేజీ అనే తన ప్యాకేజీ ఫైళ్లను హైకూ డిస్క్ మీద విప్పదు, ప్యాకేజ్ ఫైల్ సిస్టమ్ వాటిని ఉన్నచోటనే మౌంట్ చేసి చూపిస్తుంది. ప్యాకేజీ తీసేస్తే దాని ఫైళ్లన్నీ ఒక్కటీ మిగలకుండా పోతాయి. ప్యాకేజీల కమాండ్ పీకేజీమ్యాన్ ఫుల్-సింక్‌తో అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత స్థితి భద్రంగా ఉంటుంది; అప్‌డేట్ తర్వాత బూట్ కాకపోతే లోడర్ మెనూలో ముందటి తేదీ స్థితిని ఎంచుకుని లోపలికి రావచ్చు. నైట్లీలు నిర్భయంగా పరీక్షించగలగడం దీని పుణ్యమే.

పనికొచ్చే బగ్ రిపోర్ట్

కోడ్ రాకపోయినా చేయగలిగిన సాయాల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఇదే. డెవలపర్ల దగ్గర లేని హార్డ్‌వేర్ మీ దగ్గర ఉంది. ఆ హార్డ్‌వేర్ చెప్పే మాట వాళ్లకు చేరే దారి మీ రిపోర్టే.

ప్రతి రిపోర్టులో హెచ్‌రెవ్ సంఖ్య ఉండాలి. అబౌట్ విండోలో కనిపించే ఆ సంఖ్య సోర్స్‌లో ఒక నిర్దిష్ట స్థితిని సూచిస్తుంది. కొత్త వెర్షన్ వాడుతున్నాను అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 32 బిట్టా 64 బిట్టా, నిజమైన మెషీనా వర్చువలా అన్నది రాయాలి. బూట్ వాల్యూమ్‌లో సిస్టమ్, వార్, లాగ్ ఫోల్డర్ల కింద ఉన్న సిస్‌లాగ్ ఫైలునూ లిస్ట్‌డెవ్ ఇచ్చిన జాబితానూ అటాచ్‌మెంట్లుగా పెట్టాలి, వివరణ పెట్టెలో అతికించకూడదు. ఒక్క టికెట్‌లో ఒక్క లోపమే. వైఫై రాలేదు, శబ్దం లేదు, తెర మసకగా ఉంది అని మూడూ ఒకచోట రాస్తే మూడు డ్రైవర్లు చూసే ముగ్గురూ అది తమది కాదనుకుంటారు.

అప్లికేషన్ కూలిపోతే ఒక చిన్న విండో వస్తుంది. టెర్మినేట్ నొక్కకుండా సేవ్ రిపోర్ట్ ఎంచుకుంటే డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. కూలిన థ్రెడ్ బ్యాక్‌ట్రేస్, రిజిస్టర్లు, లోడైన లైబ్రరీలు అన్నీ అందులో ఉంటాయి.

నిన్నటిదాకా పనిచేసింది ఇప్పుడు ఆగిపోయిందంటే, ఏ మార్పుతో ఆగిందో వెతకడానికి పాత నైట్లీ ఇమేజ్‌లు ఉపయోగపడతాయి. పనిచేసిన హెచ్‌రెవ్‌కూ చేయని హెచ్‌రెవ్‌కూ నడిమధ్యన ఉన్న ఇమేజ్ తీసుకుని పరీక్షించాలి, మళ్లీ దొరికిన సగాన్ని సగం చేయాలి. నూరు రివిజన్ల మధ్య అయినా ఏడు పరీక్షలకు మించి పట్టదు. ఈ హెచ్‌రెవ్ దాకా బాగుంది, దాని తర్వాతిది చెడింది అని రాసిన టికెట్ ఎంత వేగంగా కదులుతుందో చూస్తే ఆ శ్రమ ఎందుకో తెలుస్తుంది.

బిల్డ్

హైకూను హైకూ మీదే బిల్డ్ చేయవచ్చు, లినక్స్ మీద కూడా చేయవచ్చు. వేగమైన లినక్స్ మెషీన్ ఉంటే మొదట అక్కడే మొదలుపెట్టడం మంచిది. ప్రయోగం వికటించినా ఎడిటర్ చేతిలో ఉంటుంది. 20 జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి. బిల్డ్‌టూల్స్, హైకూ అనే రెండు రిపాజిటరీలను పక్కపక్కన క్లోన్ చేయాలి. జీసీసీ, నాజ్మ్, బైసన్, ఫ్లెక్స్, ఆటోకాన్ఫ్, టెక్స్‌ఇన్ఫో, జెడ్‌లిబ్, జెడ్‌స్టాండర్డ్ డెవలప్‌మెంట్ ఫైళ్లు, ఐఎస్ఓ కోసం జోరిసో ముందే ఉండాలి. బిల్డ్‌టూల్స్‌లోంచి జామ్ అనే బిల్డ్ ప్రోగ్రాంను బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. హైకూ మేక్ వాడదు, పంపిణీల్లో దొరికే మామూలు జామ్ కూడా సరిపోదు.

తర్వాత కాన్ఫిగర్‌కు క్రాస్-టూల్స్-సోర్స్ దారి, ఆర్కిటెక్చర్ పేరు ఇస్తే ముందు క్రాస్ కంపైలర్ తయారవుతుంది. కాసేపు పడుతుంది గానీ ఒక్కసారే. ఆ పైన జామ్‌కు మైనస్ క్యూ, కోర్ల సంఖ్యతో మైనస్ జే, నైట్లీ-ఎనీబూట్ అనే ప్రొఫైల్ ఇస్తే ఇమేజ్ వస్తుంది. మైనస్ క్యూ తప్పనిసరి. అది లేకపోతే ఒక లోపం తర్వాత కూడా మిగతా టార్గెట్లు నడుస్తూ అసలు సందేశం ఎక్కడో పైకి వెళ్లిపోతుంది.

బిల్డ్ పగిలే చోట్లు దాదాపు ఒకటే. హెచ్‌రెవ్ తేల్చుకోలేకపోయానని ఆగితే గిట్ ట్యాగులు లేవని అర్థం. సొంత ఫోర్క్ నుంచో, తక్కువ లోతుతోనో క్లోన్ చేసినప్పుడు ఇలా అవుతుంది. అసలు రిపాజిటరీ నుంచి ట్యాగులు తెచ్చుకుంటే సరిపోతుంది. పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని ఫైల్ సిస్టమ్ మీద క్లోన్ చేస్తే హెడర్ ఫైళ్లు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 

తయారైన ఇమేజ్‌ను క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో కేవీఎంతో, 2 జీబీ మెమరీతో, సీరియల్ పోర్ట్‌ను టెర్మినల్‌కు కలిపి నడిపితే కెర్నెల్ లాగ్ మొత్తం మన టెర్మినల్‌లోకే వస్తుంది. కెర్నెల్ పని చేయాలనుకునేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

ఒక్క అప్లికేషన్ మార్చినప్పుడు మొత్తం ఇమేజ్ అక్కర్లేదు. హైకూ మీదే ఉండి జామ్‌కు ఆ అప్లికేషన్ పేరు ఇస్తే జెనరేటెడ్ ఫోల్డర్‌లో ప్రోగ్రాం తయారవుతుంది, నేరుగా నడిపి చూడవచ్చు. లైబ్రరీని మార్చితే ప్రోగ్రాం పక్కనే లిబ్ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. రన్‌టైమ్ లోడర్ సిస్టమ్‌కన్నా ముందు అక్కడే చూస్తుంది కాబట్టి మిగతా డెస్క్‌టాప్ చెక్కుచెదరదు.

మొదటి ప్యాచ్‌కు సరైన పని

లోపాలు నమోదయ్యే ట్రాక్ అనే సైట్‌లో ఈజీ అనే కీవర్డ్ ఉన్న టికెట్లు ఉంటాయి. వాటితోపాటు సొంతంగా దొరికించుకోగలిగే ఒక మంచి వర్గం ఉంది. అపియరెన్స్ సెట్టింగుల్లో ఫాంట్ సైజును 18 లేదా 20కి పెంచి, ఒక్కో అప్లికేషన్ తెరిచి చూడండి. అక్షరాలు తెగిన బటన్లు, ఒకదానిమీదొకటి ఎక్కిన లేబుళ్లు కనిపిస్తాయి. కోడ్‌లో అక్కడ వెడల్పు పిక్సెళ్లలో నేరుగా రాసి ఉంటుంది. బీఓఎస్ కాలంలో లేఅవుట్ వ్యవస్థ లేదు, ప్రతి వ్యూకూ దీర్ఘచతురస్రం చేత్తో ఇచ్చేవారు. అలాంటి విండోను బీలేఅవుట్‌బిల్డర్‌కు మార్చడం, ఖాళీలను సంఖ్యలుగా కాక కంట్రోల్‌లుక్ ఇచ్చే స్పేసింగ్‌గా రాయడం నేర్చుకోవడానికీ ఉపయోగానికీ సరిపోయే పని. నేను చేసిన ప్యాచ్‌లూ ఈ కోవలోవే.

ఈ పనిలో తగిలే విషయాలు కొన్ని. హైకూలో ప్రతి విండోకూ సొంత థ్రెడ్ ఉంటుంది. వేరే థ్రెడ్‌లోంచి ఆ విండోలోని వ్యూను ముట్టుకోవాలంటే ముందు లూపర్‌ను, అంటే ఆ విండో సందేశాలు నడిపే వస్తువును లాక్ చేయాలి, లేకపోతే ప్రోగ్రాం డీబగ్గర్‌లోకి వెళ్లిపోతుంది. వీలున్నచోట లాక్ చేయడంకన్నా బీమెసేజ్ పంపడం మేలు, డెడ్‌లాక్ భయం తక్కువ. తెర మీద కనిపించే మాటలన్నీ బీ ట్రాన్స్‌లేట్ మాక్రోలో ఉండాలి. రెండు ముక్కలను అతికించి వాక్యం చేస్తే పద క్రమం వేరుగా ఉండే భాషల అనువాదకులకు దారి ఉండదు. అనువాదాల క్యాట్‌కీస్ ఫైళ్లను మాత్రం ప్యాచ్‌లో మార్చకూడదు. అవి హైకూ అనువాద సైట్ నుంచి వస్తాయి, చేత్తో మార్చినవి తర్వాతి సింక్‌లో పోతాయి.

64 బిట్ మీద నీటుగా కంపైల్ అయిన ప్యాచ్ 32 బిట్ బిల్డ్‌లో పగలడం మామూలే. సిస్టమ్ లైబ్రరీలనూ బేస్ అప్లికేషన్లనూ జీసీసీ 2.95 కూడా చదవాలి. ఆటో, నల్‌పీటీఆర్, లాంబ్డాలు దానికి తెలియవు. ప్రింట్‌ఎఫ్‌లో పూర్ణాంకాల సైజు కూడా ఆర్కిటెక్చర్‌ను బట్టి మారుతుంది కాబట్టి బీ పీఆర్ఐతో మొదలయ్యే మాక్రోలు వాడాలి. పంపేముందు రెండు ఆర్కిటెక్చర్లకూ బిల్డ్ చేసి చూడటం రివ్యూ చేసేవారి సమయానికి మనం ఇచ్చే గౌరవం.

కోడ్ శైలి విషయంలో పట్టింపు ఎక్కువ. ఇండెంటేషన్ ట్యాబ్‌లతో, ట్యాబ్ వెడల్పు 4, వరుస 100 అక్షరాలకు మించకూడదు, ఫంక్షన్ రిటర్న్ టైప్ విడి వరుసలో, ఫంక్షన్ల మధ్య రెండు ఖాళీ వరుసలు. హైకూ-ఫార్మాట్ అనే టూల్ చాలావరకు సర్దిపెడుతుంది. లోపం సరిచేసే కమిట్‌లో శైలి సర్దుబాట్లు కలపకండి, రెండూ వేర్వేరు కమిట్లుగా ఉంటే చదవడం సులువు.

గిట్‌హబ్‌లో ఉన్న హైకూ రిపాజిటరీ కేవలం అద్దం లాంటిది. అక్కడ పుల్ రిక్వెస్ట్ తెరిస్తే తీసుకోరు. మార్పులు గెరిట్ అనే రివ్యూ వ్యవస్థ ద్వారా వెళ్లాలి. లాగిన్‌కు మాత్రం గిట్‌హబ్ ఖాతా పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీ చేర్చుకుని, కమిట్-ఎంఎస్‌జీ హుక్‌ను క్లోన్‌లోని హుక్స్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. అది ప్రతి కమిట్ సందేశం చివర చేంజ్-ఐడీ చేరుస్తుంది, అది లేకపోతే పుష్ తిరస్కారమవుతుంది. పుష్ గమ్యం రెఫ్స్/ఫర్/మాస్టర్. సందేశం మొదటి వరుసలో భాగం పేరు, కోలన్, చేసిన పని. ఖాళీ వరుస తర్వాత ఎందుకు చేశారో, ఏ టికెట్‌కో రాయాలి.

రివ్యూలో మార్పులు అడిగితే కొత్త కమిట్ చేయకుండా అదే కమిట్‌ను అమెండ్ చేసి మళ్లీ పుష్ చేయాలి. చేంజ్-ఐడీ అదే ఉంటుంది కాబట్టి గెరిట్ దాన్ని అదే మార్పు రెండో రూపంగా గుర్తిస్తుంది. కొత్త కమిట్ చేస్తే రెండు వేర్వేరు మార్పులుగా కనిపించి గందరగోళమవుతుంది. ప్రతి వ్యాఖ్యకూ జవాబు ఇవ్వాలి, ఒప్పుకోని చోట కారణం చెప్పాలి. జవాబు రావడానికి రోజులు పట్టొచ్చు. రివ్యూ చేసేవారిలో చాలామంది స్వచ్ఛందంగా చేస్తున్నవారే. చిన్న మార్పులు త్వరగా లోపలికి వెళ్తాయి, అందుకే పెద్ద విండోను మార్చేటప్పుడు కూడా దాన్ని నాలుగైదు కమిట్లుగా విడదీసి పంపుతాను.

పోర్టులు

సిస్టమ్ కోడ్ జోలికి పోకుండా వేరే వ్యవస్థల అప్లికేషన్లను హైకూకు తేవాలనుకునేవాళ్లకు, అంటే పోర్ట్ చేయాలనుకునేవాళ్లకు హైకూపోర్ట్స్ ఉంది. అక్కడ గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులే తీసుకుంటారు. ఒక్కో అప్లికేషన్‌కు ఒక రెసిపీ ఫైలు ఉంటుంది. సారాంశం, లైసెన్స్, సోర్స్ చిరునామా, ఎస్‌హెచ్‌ఏ256, ఏమేం ఇస్తుంది, ఏమేం కావాలి, బిల్డ్, ఇన్‌స్టాల్ అనే రెండు ఫంక్షన్లు అందులో ఉంటాయి. హైకూపోర్టర్ దాన్ని విడి గదిలో బిల్డ్ చేస్తుంది కాబట్టి మెషీన్ మీద ఉన్నా రెసిపీలో రాయని లైబ్రరీ కనబడదు. పంపేముందు రెసిపీలో తప్పులు పట్టే లింట్ నడపాలి.

లినక్స్ కోడ్ ఇక్కడ తడబడే చోట్లు తెలిస్తే సగం పని అయిపోతుంది. సాకెట్ ఫంక్షన్లు లిబ్‌నెట్‌వర్క్‌లో ఉంటాయి, లింకర్‌కు దాన్ని ఇవ్వాలి. థ్రెడ్, గణిత ఫంక్షన్లు మాత్రం లిబ్‌రూట్‌లోనే ఉన్నాయి. అన్నిటికన్నా మాయదారిది ఎర్ర్‌నో, అంటే చివరి లోపం సంఖ్య. హైకూలో పోజిక్స్ (యునిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ఎర్రర్ సంఖ్యలు రుణ సంఖ్యలు. ఎర్రర్ కోడ్ ముందు మైనస్ పెట్టి తిరిగిచ్చి, సున్నాకన్నా తక్కువైతే లోపం అని చూసే కోడ్‌లో రెండు మైనస్‌లు కలిసి ధన సంఖ్య అయి, లోపం విజయంలా కనిపిస్తుంది. కంపైలర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. ఫైలు దొరకనప్పుడు ప్రోగ్రాం వింతగా ప్రవర్తిస్తే మొదట ఇదే చూడండి. పాజిటివ్ పోజిక్స్ ఎర్రర్స్ మాక్రో పెట్టి, పోజిక్స్ ఎర్రర్ మ్యాపర్ లైబ్రరీతో లింక్ చేస్తే చాలా సందర్భాల్లో తీరిపోతుంది.

ప్యాచ్ మెర్జ్ అయ్యాక

గెరిట్‌లో ప్లస్ 2 వచ్చి మెర్జ్ అయ్యాక ఆ మార్పుకు కొత్త హెచ్‌రెవ్ పడుతుంది. దాన్ని టికెట్‌లో రాస్తే మూసేస్తారు. కానీ ఆ పనిని మన మెషీన్ మీద సరిచూడటం మన వంతే. విడిగా ఒక పార్టిషన్‌లో నైట్లీ ఉంచుకుని, ఆ హెచ్‌రెవ్ ప్యాకేజీలు రాగానే పీకేజీమ్యాన్ ఫుల్-సింక్ చేసి, మొదట లోపం కనిపించిన స్థితినే మళ్లీ తెచ్చి చూడాలి. ఫాంట్ సైజు ప్యాచ్ అయితే 20 దగ్గరే కాదు, డిఫాల్ట్ 12 దగ్గర కూడా, జర్మన్ లాంటి పొడవైన మాటలున్న భాషలో కూడా చూడాలి. ఉన్న బీటాను రిపాజిటరీ మార్చి నైట్లీగా చేయవచ్చు గానీ వెనక్కి తేవడం చిక్కు, అందుకే రెండు పార్టిషన్లు. మాస్టర్‌లోకి వెళ్లిన దిద్దుబాటు బీటా వాడేవాళ్లకు దానంతటదే చేరదు. సిస్టమ్ కూలిపోవడం, డేటా పోవడం లాంటి తీవ్రమైన లోపమైతే బీటా శాఖలోకి కూడా తీసుకోమని అదే టికెట్‌లో కారణంతో అడగవచ్చు.